ఆటిజంతో కాలేజీ చదువు, నలుగురిలో మెలగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బీఫార్మసీ నాలుగో ఏడాది చదువుతున్నాను. మా ఊరు పల్నాడులో, కాలేజీ హైదరాబాద్ శివార్లలో. నాకు ఆటిజం అని 18 ఏళ్ళకు తెలిసింది. అప్పటినుంచి జూనియర్లు, వాళ్ళ అమ్మలు, ఒకరిద్దరు లెక్చరర్లు, మా పిన్ని అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతున్నారు. ఫోన్‌లో జవాబు చెప్పడం నాకు కష్టం, రాయడం తేలిక. అందుకే ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. నేను డాక్టర్ని కాను. పైగా ఆటిజం ఉన్న ఇంకొకరిని అడిగితే ఇందులో సగం తమకు వర్తించదని చెప్పొచ్చు.

## పేరు తెలియక ముందు, తెలిశాక

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే భయం. ఇది సిగ్గా, ఆటిజమా?

సిగ్గరికి ఏం మాట్లాడాలో తెలుస్తుంది, నోరు పెగలదు. పరిచయం పెరిగితే సర్దుకుంటుంది. నాకు పదేళ్ళుగా తెలిసిన పక్కింటి ఆంటీతో కూడా మాట ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. మాటలతో సంబంధం లేనివీ ఉండేవి: మిక్సీ చప్పుడుకి చెవులు మూసుకోవడం, గౌను వెనక లేబుల్ గుచ్చుకుంటోందని ఏడవడం, బడికి వేరే దారిలో తీసుకెళ్తే రోజంతా పాడైపోవడం, ఒక విషయం పట్టుకుంటే నెలల తరబడి వదలకపోవడం. ఆటిజం అయితే ఇలాంటివి చిన్నప్పటినుంచీ ఉంటాయి. ఇంటర్‌లో కొత్తగా మొదలైన భయం వేరే సమస్య కావచ్చు, దానికీ వైద్యం ఉంది. రెండూ కలిసి ఉన్నవాళ్ళు చాలామంది. నేనూ ఆ బాపతే.

ఎక్కడ చూపించుకోవాలి? స్కానింగ్ ఏమైనా తీస్తారా?

ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. మాటల్లో, ప్రవర్తనలో, చిన్ననాటి విషయాల్లో చూసి చెబుతారు. సైకియాట్రిస్ట్ దగ్గరికి గానీ, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి గానీ వెళ్ళాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య కేంద్రం, ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. మన దేశంలో సర్టిఫికెట్ కోసం వాడే కొలబద్ద పేరు ఐసా. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం కింద లెక్క. అమ్మనో అమ్మమ్మనో తోడు తీసుకెళ్ళండి. రెండేళ్ళ వయసులో మీరెలా ఉండేవారో మీకు గుర్తుండదు కదా.

మా అమ్మాయి చక్కగా మాట్లాడుతుంది, ర్యాంకు కూడా వచ్చింది. తనకి ఆటిజం ఏంటండీ?

మా నాన్నగారూ ఇదే అడిగారు. మాటలు రాని పిల్లలకే ఆటిజం అన్న అభిప్రాయం మన ఇళ్ళలో గట్టిగా ఉంది. అది ఒక పెద్ద గొడుగు. దాని కింద అసలు మాట్లాడని వాళ్ళూ ఉన్నారు, గంటసేపు ఆపకుండా మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఇదివరకు ఆస్పర్జర్ అని వేరే పేరుతో పిలిచిన దాన్ని 2013లో అమెరికా సైకియాట్రిస్టుల వర్గీకరణ ఇందులోనే కలిపేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆడపిల్లల్లో ఆలస్యంగా బయటపడటం మామూలే, ఎందుకంటే మేం చిన్నప్పుడే పక్కపిల్లని చూసి కాపీ కొట్టడం నేర్చుకుంటాం. "బుద్ధిమంతురాలు, నోట్లో నాలుక లేదు" అని నన్ను మెచ్చుకున్న ఆ పదేళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు.

నలుగురితో కలవనిస్తే అదే పోతుంది అంటున్నారు. నిజమా?

పోదు. ఈత రానివాణ్ణి బావిలోకి తోస్తే ఈత వస్తుందన్న సలహా లాంటిది ఇది. నన్ను ప్రతి పెళ్ళికీ, ప్రతి పుట్టినరోజుకీ లాక్కెళ్ళారు. నేను నేర్చుకుంది నవ్వుతూ నిలబడటం, వాష్‌రూమ్ ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోవడం. నా విషయంలో పనికొచ్చింది వేరే: తక్కువమంది, తెలిసిన చోటు, చేతికో పని, వెళ్ళిపోయే టైమ్ ముందే తెలియడం. ఈ నాలుగూ ఉంటే నేను కలుస్తాను. ఒక్కోసారి ఇక ఇంటికి వెళ్దామన్నా కదలను.

సదరం (వైకల్య) సర్టిఫికెట్ తీసుకోవాలా? రేపు సంబంధాలకి అడ్డం రాదా?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల రిజర్వేషన్, పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం అడగవచ్చు. మూడు గంటల పేపరుకి గంట ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా కూడా లక్ష రూపాయల దాకా ఉంది. దరఖాస్తు పెట్టుకుంటే ప్రభుత్వ ఆస్పత్రిలో మెడికల్ బోర్డు చూస్తుంది. తర్వాత యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు.

ఇక సంబంధాల సంగతి. మా అమ్మ ఏడాదిన్నర ఈ కారణంతోనే ఆపింది. ఆ కార్డును ఎవరికీ చూపించాల్సిన పని లేదు, పర్సులో ఉంటుంది, అవసరమైనచోటే తీస్తాం. ఆ ఏడాదిన్నరలో రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాయి. అవి మాత్రం మార్కుల మెమోలో అందరికీ కనిపిస్తాయి.

## కాలేజీలో చేరిన కొత్తలో

మొదటి వారం ఎవరితో ఏం మాట్లాడాలి?

అందరితో మాట్లాడాలనుకోవద్దు. నేను చేసింది చెబుతాను. ప్రతిరోజూ అదే బెంచీలో, అదే చివర కూర్చున్నాను. నాలుగో రోజుకి పక్కన కూర్చునేవాళ్ళు కూడా స్థిరపడ్డారు. ఒకే ముఖాన్ని రోజూ చూస్తే నాకు గుర్తుంటుంది, లేకపోతే జడ మార్చినా నేను గుర్తుపట్టలేను. మాట మొదలుపెట్టడానికి చదువుకు సంబంధించిన ప్రశ్నలు మూడు రాసుకుని పెట్టుకున్నాను: "ల్యాబ్ మాన్యువల్ ఎక్కడ జిరాక్స్ తీయించావు?", "రికార్డు ఏ రోజు పెట్టాలి?", "నీది ఏ బ్యాచ్?" జవాబు అవసరమైన ప్రశ్న అడిగితే ఎదుటివాళ్ళకీ ఇబ్బంది ఉండదు. మీ ఊరేది అని అడిగితే మాత్రం సిద్ధంగా ఉండండి, తర్వాతి ప్రశ్న "అక్కడ ఫలానావాళ్ళు తెలుసా" అనే వస్తుంది.

సీనియర్లు ఇంట్రో చెప్పమంటే నోట మాట రావట్లేదు. తలపొగరు అనుకుంటున్నారు.

పేరు, ఊరు, చదివిన కాలేజీ, ఇష్టమైనది: నాలుగు వాక్యాలు బట్టీ పట్టండి. అంతవరకు ఇంట్రో. అంతకుమించి పాట పాడమన్నా, డాన్స్ చెయ్యమన్నా, చున్నీ తీసి నిలబడమన్నా దాన్ని ర్యాగింగ్ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే దానికి నిషేధ చట్టం వచ్చింది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. హెల్ప్‌లైన్ 1800-180-5522. సరదాకి అంటున్నారో ఏడిపిస్తున్నారో మనకి చప్పున తెలియదు. అదే అసలు ప్రమాదం. నాకు ఒక లెక్క ఉంది: వద్దు అన్నాక ఆగితే సరదా. వద్దు అన్నా ఆగకపోతే ఆ రాత్రే జరిగింది జరిగినట్టు తేదీ, టైమ్ వేసి రాసి, నమ్మకమున్న ఒకరికి మెసేజ్ పెడతాను.

అన్నమాటకి ఒక అర్థం, మనసులో ఇంకో అర్థం. ఎలా పట్టుకోవడం?

తెలుగులో ఇది మరీ కష్టమని నా గట్టి నమ్మకం. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినవాళ్ళంతా వెళ్ళేటప్పుడు "వస్తానమ్మా" అనేవాళ్ళు. నేను గుమ్మంలో కూర్చుని వాళ్ళకోసం ఎదురుచూసేదాన్ని. వెళ్తున్నా అనకూడదని, అందుకే వెళ్ళేవాళ్ళు కూడా వస్తానంటారని నాకెవరూ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచదు.

ఇప్పుడు నా దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంది. అందులో కొన్ని: "తిన్నావా?" అంటే పలకరింపు, ఏం తిన్నావో చెప్పక్కర్లేదు, "ఆఁ, నువ్వు?" అంటే చాలు. "చూద్దాంలే" అంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు కుదరదని. "ఎప్పుడైనా ఇంటికి రా" అంటే పిలుపు కాదు, రోజూ టైమూ చెబితేనే పిలుపు. "బయల్దేరా, దారిలో ఉన్నా" అంటే ఇంకా స్నానం చేస్తున్నారు. "నీ ఇష్టం" రెండు రకాలు: నెమ్మదిగా అంటే నిజంగా నా ఇష్టమే, టక్కున అనేసి ఫోన్‌లోకి చూస్తే కోపం వచ్చిందని.

అన్నిటికంటే పెద్దది మొహమాటం. నేను వద్దు అంటే వద్దనే. కానీ మా వైపు మొదటి వద్దు లెక్కలోకి రాదు, రెండోది మొహమాటం, మూడోది అనేలోపు విస్తట్లో గారె పడిపోయి ఉంటుంది. తిరగేసి కూడా దెబ్బతిన్నాను. రూమ్మేట్ వాళ్ళ అమ్మగారు వచ్చినప్పుడు నా దగ్గరున్న అరిసెలు పెట్టబోతే ఆవిడ వద్దమ్మా అన్నారు. సరేనని డబ్బా మూసి అలమరలో పెట్టేశాను. ఆవిడ ఇంటికెళ్ళి "ఆ పిల్ల గట్టిది" అన్నారట. ఇప్పుడు ఎవరికైనా రెండుసార్లు అడుగుతాను, మూడోసారి ప్లేట్లో పెట్టి పక్కన ఉంచేస్తాను.

అర్థం కానప్పుడు నేరుగా అడగడమే మంచిది: "నిజంగా అంటున్నావా, మాటవరసకా?" మాటవరస అన్న మాట మన భాషలో ఉండటం నాకెంత ఉపకారమో చెప్పలేను. ఎవరూ తప్పు పట్టరు, నవ్వి నిజం చెప్పేస్తారు.

నువ్వు, మీరు, అక్కా, మామా... ఎవరిని ఏమని పిలవాలి?

క్లాస్‌మేట్స్ మొదటిరోజు మీరు, మూడోరోజు నువ్వు, నెలకి "ఏంటే". ఈ మెట్లు ఎప్పుడు ఎక్కుతారో నాకు కనబడదు. అందుకని ఎదుటివాళ్ళు నన్ను ఎలా పిలిస్తే, ఒక రోజు ఆగి నేనూ అలాగే పిలుస్తాను. సీనియర్ అమ్మాయిలు అందరూ అక్కలు. హైదరాబాద్ పిల్లలు ఆడా మగా లేకుండా మామా అనుకుంటారు. నాకది రాలేదు, పేరుతోనే పిలుస్తాను. వాచ్‌మన్ అంకుల్‌కి, మెస్‌లో పెద్దమ్మకి ఎప్పుడూ మీరే. ఎక్కువ గౌరవం ఇచ్చి తిట్లు తిన్నవాళ్ళు లేరు.

కళ్ళలోకి చూసి మాట్లాడమంటారు. నావల్ల కావట్లేదు.

నాకు కళ్ళలోకి చూస్తే మాట వినబడదు. ఏదో ఒకటే జరుగుతుంది. కనుబొమల మధ్య బొట్టు ఉండేచోట చూడండి, ఎదుటివాళ్ళకి తేడా తెలియదు. లెక్చరర్లకైతే ముందే చెప్పాను: "మేడం, నేను కిందకి చూస్తూ గీతలు గీస్తుంటే వింటున్నట్టు." నా నోట్సు అంచులన్నీ మెలికల ముగ్గులే. ఒకావిడ నమ్మక, మధ్యలో లేపి ప్రశ్న వేశారు. జవాబు చెప్పాక మళ్ళీ లేపలేదు.

క్లాసులో అందరికీ చెప్పేయాలా?

నేను నలుగురికే చెప్పాను: ఇద్దరు రూమ్మేట్స్, మా మెంటర్, ల్యాబ్ పార్ట్‌నర్. ఆటిజం అన్న పేరుకన్నా ఏం కావాలో చెప్పడం ఎక్కువ పని చేసింది. "నాకు ఆటిజం" అంటే జాలిగా చూశారు, ఏం చెయ్యాలో తెలియలేదు. "ఇద్దరు ఒకేసారి మాట్లాడితే నాకు ఎవరిదీ అర్థం కాదు, ఒక్కొక్కరు చెప్పండి" అంటే వెంటనే చేశారు. ఒకసారి చెప్పింది వెనక్కి తీసుకోలేం, కాబట్టి తొందరపడొద్దు.

## హాస్టల్లో

మెస్‌కి వెళ్తే తల తిరుగుతోంది, తినకుండా వచ్చేస్తున్నా.

స్టీలు ప్లేట్లు సింకులో పడే చప్పుడు, రెండొందలమంది గోల, ట్యూబ్‌లైట్లు, పోపు ఘాటు. మొదటి నెలలో నేను అయిదు కిలోలు తగ్గాను. వార్డెన్‌కి ఉత్తరం రాసిచ్చి, తలుపులు తీసిన మొదటి పది నిమిషాల్లోనే తినేలా అనుమతి తీసుకున్నాను. చెవుల్లో పెట్టుకునే స్పాంజి ప్లగ్గులు మందుల షాపులో దొరుకుతాయి. గుత్తి వంకాయ మెత్తగా జారితే నాకు వాంతి వస్తుంది. అలాంటి రోజున పెరుగన్నం, అప్పడం. "అన్నీ తినాలమ్మా" అనేవాళ్ళకి "డాక్టర్ చెప్పారు" అంటే ప్రశ్నలు ఆగిపోతాయి. అబద్ధమే అనుకోండి.

రూమ్మేట్స్‌తో ఎలా నెట్టుకురావాలి?

గోడకి కాగితం అంటించాం. లైటు ఆర్పే టైమ్, ఎవరి బకెట్ ఎవరిది, నా మంచం మీద అడగకుండా కూర్చోవద్దు, నేను హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాట్లాడొద్దు. వాళ్ళ కోరికలూ రాయించాను. అందులో ఒకటి: "నువ్వు ముగ్గుల గురించి చెప్పడం మొదలుపెడితే పది నిమిషాల తర్వాత ఆపమంటాం, ఏమనుకోవద్దు." నాకు అది చాలా నచ్చింది. ముఖం చూసి విసుగు పసిగట్టమంటే నేను చెయ్యలేను, ఆపు అంటే ఆపగలను.

ఫ్రెషర్స్ పార్టీ, డీజే... వెళ్ళకపోతే పక్కన పెట్టేస్తారేమో?

మొదటి ఏడాది వెళ్ళి, డీజే మొదలైన అరగంటకి జనరేటర్ గది వెనక కూర్చుని ఏడ్చాను. రెండో ఏడాది మధ్యాహ్నం డెకరేషన్ పనికి వెళ్ళాను: బెలూన్లు, రిబ్బన్లు, పదిమందే, నెమ్మదిగా. సాయంత్రం ఫొటోకి నిలబడి వచ్చేశాను. నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. ఫొటోలో ఉన్నవాళ్ళని వచ్చినట్టే గుర్తుపెట్టుకుంటారు.

కాలేజీ నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. వాళ్ళంటే ఇష్టం లేక కాదు.

రోజంతా నవ్వాల్సినచోట నవ్వి, తల ఊపాల్సినచోట ఊపి, చేతులు ఆడించకుండా బిగబట్టుకుంటే అలాగే ఉంటుంది. దీన్ని మాస్కింగ్ అంటారు. చెయ్యి తిరిగినవాళ్ళు మాట్లాడుతూనే ముగ్గు వేసేస్తారు. నేను ప్రతి చుక్కా లెక్కపెట్టుకుని కలపాలి. బయటికి రెండు ముగ్గులూ ఒకేలా కనబడతాయి, నడుం నొప్పి మాత్రం నాకే. నేను వారాన్ని చూసుకుని సర్దుకుంటాను. సోమవారం వైవా (నోటి పరీక్ష) ఉంటే ఆదివారం ఎవరినీ కలవను. సాయంత్రం 5 నుంచి 6 వరకు గదిలో చీకటి, మౌనం. వాళ్ళతో పడక కాదని రూమ్మేట్స్‌కి ఆ గంట గురించి విడిగా చెప్పాల్సి వచ్చింది.

ఒక్కోసారి ఉన్నట్టుండి ఏడుపు, లేకపోతే మాట పడిపోవడం. నాటకాలు అంటున్నారు.

భరించగలిగినంత దాటినప్పుడు కొందరికి బయటికి పొంగుతుంది: ఏడుపు, అరుపు, తల కొట్టుకోవడం. దాన్ని మెల్ట్‌డౌన్ అంటారు. కొందరికి లోపలికి ముడుచుకుంటుంది, మాట రాదు, కదల్లేరు. దాన్ని షట్‌డౌన్ అంటారు. నాకు ఎక్కువగా రెండోదే. ఒకసారి ల్యాబ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాడై, ఘాటు వాసన నిండి, ఇద్దరు మేడమ్‌లు ఒకేసారి కేకలేశారు. నేను కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. "అడుగుతుంటే మాట్లాడవేం" అని మూడోసారి గద్దించారు. గద్దించినకొద్దీ మాట ఇంకా దూరం పోతుంది. వాళ్ళకి తెలియక చేశారు, అయినా ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ కోపమే.

పక్కనున్నవాళ్ళు చెయ్యగలిగింది: చుట్టూ గుమిగూడొద్దు. పట్టుకోవద్దు. ప్రశ్నలు అడగొద్దు. లైటు, ఫ్యాను, చప్పుడు తగ్గించి ఒక్కరే కొంచెం దూరంగా కూర్చోండి. నాకు అరగంట పడుతుంది. నేను ఫోన్‌లో ఒక నోటు రాసి పెట్టుకున్నాను, మాట రానప్పుడు తెరిచి చూపిస్తాను: "వినబడుతోంది, మాట్లాడలేను, కాసేపు ఆగండి." బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఒంటరిగా ఉండకండి. 14416 టెలీ మానస్ ప్రభుత్వ ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు.

## స్నేహం కుదరడం, కుదరకపోవడం

నాకు ఒక్క ఫ్రెండ్ కూడా లేదు. మీకెలా దొరికారు?

ముగ్గు వల్ల. మొదటి ఏడాది సంక్రాంతి ముందు హాస్టల్లో పోటీ పెట్టారు. 15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేదాకా. అది నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. పక్క గడిలో లేటుగా అడ్మిషన్ తీసుకున్న ఒక అమ్మాయి, చుక్క తప్పి తుడుస్తోంది. "నాలుగో వరసలో ఒకటి ఎక్కువ పెట్టావు" అన్నాను. పలకరింపు లేదు, పేరు అడగలేదు. ఆ పిల్ల సరిచేసుకుంది, ఏమీ అనలేదు. మర్నాడు నా గది తలుపు కింద నుంచి గళ్ళకాగితం మీద ఒక మెలికల ముగ్గు తోసింది, సగం వేసి. మిగతా సగం నేను వేసి వాళ్ళ తలుపు కింద తోశాను. నెలరోజులు ఇలాగే. మొదటిసారి సరిగ్గా మాట్లాడుకుంది ఫిబ్రవరిలో.

ఇప్పటికీ మేం కలిస్తే గంటలో పది మాటలు ఉండవు. ఎదురెదురుగా కూర్చుని "ఇంకేంటి సంగతులు" అనుకునే స్నేహం నాకు రాదు. పక్కపక్కన కూర్చుని ఒకే పని చూసుకునే స్నేహం వస్తుంది. మీకు పిచ్చి ఇష్టమున్నది ఏదో ఒకటి ఉంటుంది. చెస్, రైళ్ళు, పిచ్చుకలు, పాత నాణేలు, ఏదైనా. మనుషుల్ని వెతకడం మానేసి అది జరిగే చోటికి వెళ్ళండి. ఒక్కరు చాలు. పదిమంది కావాలని సినిమాలు చూసి అనుకుంటాం.

ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మనసు అర్థం కాదంటారు కదా?

సగం నిజం. డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, తనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక మాట ముందుకు తెచ్చారు: అర్థం కాకపోవడం రెండువైపులా ఉందని. మాకు మీరు ఎంత అర్థం కారో, మీకు మేమూ అంతే అర్థం కాం. మీరు ఎక్కువమంది కాబట్టి తప్పు మా లెక్కలో పడుతుంది. 2020లో ఎడిన్‌బరో పరిశోధకులు ఒక కథని ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి వరుసగా చెప్పించి చూశారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరసలో, అందరూ లేనివాళ్ళే అయిన వరసలో కథ దాదాపు ఒకేలా నిలిచింది. కలగలిపిన వరసలో ఎక్కువ చెడింది. పల్నాటి యాసకీ తెలంగాణ యాసకీ మధ్య మా హాస్టల్లో మొదటి నెల జరిగింది ఇలాంటిదే, అక్కడ మాత్రం ఎవరికీ జబ్బు ఉందని ఎవరూ అనలేదు.

నన్ను వాడుకుంటున్నారేమో. ఎలా తెలుస్తుంది?

మన బలహీనత ఇదే, చెప్పింది నమ్మేస్తాం. రెండో ఏడాది నేను ముగ్గురి రికార్డులు రాసిపెట్టాను, స్నేహం అంటే ఇదే అనుకుని. ఇప్పుడు చూసుకునేది: రికార్డు, అసైన్‌మెంట్, డబ్బు అవసరం లేని రోజున వాళ్ళు నాకు మెసేజ్ పెడుతున్నారా? ఒకసారి "ఈ వారం కుదరదు" అని చూశాను. ఇద్దరు మాట్లాడటం మానేశారు. మూడో అమ్మాయి "సరేలే, టీ తాగుదామా" అంది. ఆ అమ్మాయి ఇప్పటికీ ఫ్రెండే.

వాట్సాప్ గ్రూపులో ఏం పెట్టాలో తెలియదు.

పెట్టక్కర్లేదు. పుట్టినరోజులకి కేకు బొమ్మ, పరీక్ష విషయాలకి బొటనవేలు. సెటైర్ అర్థం కాకపోతే జవాబివ్వకండి, పది నిమిషాల్లో కిందకి వెళ్ళిపోతుంది.

ఫ్రెండ్‌కి కోపమొచ్చింది, ఎందుకో తెలియట్లేదు.

ఊహించి బాధపడే బదులు రాసి అడగండి: "నేనేదో తప్పు అన్నట్టున్నాను, నాకు పట్టడం లేదు, ఏ మాటో చెబితే మళ్ళీ అనను." ఒకమ్మాయి కొత్త డ్రెస్ వేసుకుని ఎలా ఉందంటే "భుజాల దగ్గర వదులు" అన్నాను. అడిగింది కదా అని. చెప్పాక అర్థమైంది, కొనక ముందు అడిగితే నిజం, వేసుకున్నాక అడిగితే బాగుందని. అదీ పుస్తకంలో రాసుకున్నాను.

మా ఫ్రెండ్‌కి ఆటిజం. మేమెలా ఉంటే బాగుంటుంది?

ప్లాన్ మారితే ముందే చెప్పండి, అయిదు నిమిషాల ముందైనా సరే. హింట్లు ఇవ్వకండి. పిలవడం మానకండి: పదిసార్లు రానన్నా పదకొండోసారి పిలిస్తే సంతోషం, రాకపోయినా. చెయ్యి వేసేముందు అడగండి. అమ్మలా చూసుకోవద్దు, మాకు అమ్మలు ఉన్నారు.

## ఇంటికెళ్ళినప్పుడు, చివరి ఏడాదిలో

పెళ్ళిళ్ళలో చుట్టాలు "నేనెవరో గుర్తుపట్టావా?" అంటే?

ప్రపంచంలో నాకు అతి ఇష్టం లేని ప్రశ్న. నేను పరీక్ష హాల్లో కన్నా ఎక్కువ చెమట పట్టేది అప్పుడే. ముందురోజు అమ్మ ఫొటోలు చూపించి వరసలు చెబుతుంది: ఈవిడ అత్తయ్య, ఈయన బాబాయి. అయినా తప్పుతుంది. "మీరే చెప్పండి" అని నవ్వితే వాళ్ళకి ముచ్చట. వడ్డన దగ్గర మంచినీళ్ళు పోసే పని అడిగి తీసుకుంటాను. జగ్గు చేతిలో ఉంటే ఎవరూ పట్టుకుని ఆపరు, "పనిమంతురాలు" అన్న పేరూ వస్తుంది. మేళం పక్కన మాత్రం కూర్చోను. "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అన్న సలహాకి నేనింకా జవాబు తయారు చేసుకోలేదు.

వైవాలో తెలిసినదే చెప్పలేకపోతున్నా. ఇంటర్వ్యూల సంగతేంటి?

మెంటర్ ద్వారా అడిగితే, ప్రశ్న చీటీ మీద రాసి ఇవ్వడానికి మా డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంది. చదువుకుని చెబుతాను, మార్కులు మారాయి. ఎగ్జామినర్ బయటివాళ్ళయితే ముందురోజే మళ్ళీ గుర్తుచెయ్యాలి.

వింత ఏంటంటే, అందరూ భయపడే పేషెంట్ కౌన్సెలింగ్ నాకు అన్నిటికంటే తేలిక. మందు పేరు, ఎంత మోతాదు, తిన్నాక వేసుకోవాలా తినకముందా, ఒక పూట మర్చిపోతే ఏం చెయ్యాలి, దేనితో కలపకూడదు. మాటకి మొదలూ చివరా ఉన్నాయి. ఎదుటివాళ్ళు ఎందుకొచ్చారో తెలుసు, నేనెందుకు మాట్లాడుతున్నానో తెలుసు. మొదటిసారి చేసినప్పుడు మేడం "ఈ అమ్మాయేనా మాట్లాడంది" అన్నారు. ఇంటర్వ్యూకి కూడా అలాగే సిద్ధమవుతున్నాను. "మీ గురించి చెప్పండి" అనే ప్రశ్న ఒక్కటే ఇంకా మింగుడు పడట్లేదు, ఎక్కడిదాకా చెప్పాలో హద్దు లేదు. ఒక నిమిషానికి కుదించి రాసుకున్నాను.

నాలుగేళ్ళయింది కదా, ఇప్పుడు తగ్గిందా?

ఇది తగ్గడానికి జ్వరం కాదు పిన్నీ. మొన్న ఆదివారం మెస్ లేకపోతే బయట టిఫిన్ సెంటర్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. దారంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను: "అన్నా, ఒక ప్లేట్ ఇడ్లీ, చట్నీ వేరేగా." సరిగ్గానే చెప్పాను. అతను గరిటె పట్టుకుని "సాంబార్ పొయ్యమంటారా?" అన్నాడు. అది నేను అనుకున్న దాంట్లో లేదు. "వద్దన్నా" అన్నాను. పొయ్యలేదు.